పెద్ద డాక్టరుగారి పలకరింపు

ఎదురుపడిన మనిషిని కొందరు ఎండ తీవ్రత గురించి పలకరిస్తారు, కొందరు పిల్లల చదువు గురించి పలకరిస్తారు. పెద్ద డాక్టరుగారు మాత్రం, "మీ నాన్నగారు దేనితో పోయారు?" అని పలకరించేవారు. ఆ అడగడంలో గొంతు తగ్గించడం గాని, ముఖాన సానుభూతి పులుముకోవడం గాని ఉండేవి కావు. చొక్కా ఎక్కడ కుట్టించుకున్నారని అడిగినంత కులాసాగా అడిగి, జవాబు కోసం తల కాస్త పక్కకు వంచి నిలబడేవారు. తండ్రి బతికే ఉన్నాడని ఎవరైనా అంటే ఒకింత నిరుత్సాహపడి, "చాలా సంతోషం. మరి మీ అన్నదమ్ములు?" అని కొనసాగించేవారు.

ఆయన మూత్రకోశ వ్యాధులకు వైద్యులు. ఆస్పత్రి రెండో అంతస్తులో, నడవా చివరి గది ఆయనది. ఆ గదిని, అందులోని బల్లను, ఆ బల్ల వెనుక కూర్చున్న పెద్దమనిషిని కలిపి సంబాళించే బాధ్యత సిస్టర్‌ది. ఆస్పత్రిలో ఎంతమంది నర్సులున్నా, ఏ విశేషణమూ లేకుండా సిస్టర్ అంటే ఆమే. ఆమెకు మనవరాలు పుట్టిన తరువాత కూడా డాక్టరుగారు ఆమెను "అమ్మాయ్" అనే పిలిచేవారు.

ఆయన ప్రశ్న ఆమెకు ఉద్యోగంలో చేరక ముందే తగిలింది. ఇంటర్వ్యూలో మిగిలిన పెద్దలు చదువును గూర్చి, అనుభవాన్ని గూర్చి అడిగారు. చివర కూర్చున్న ఈయన తండ్రిని గూర్చి అడిగారు. పాము కరిచి పోయారని ఆమె చెప్పింది.

"పాముకాటా? మంచిది," అన్నారు డాక్టరుగారు.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పక్కనున్నవారు ఆయన్ని మోచేత్తో పొడిచారు. అప్పటికి గాని తానన్నదేమిటో ఆయనకు బోధపడలేదు. పాముకాటు తండ్రి నుంచి పిల్లలకు సంక్రమించేది కాదు గనుక మంచిదన్నానని ఆయన వివరించబోయారు గాని, ఆ వివరణతో వ్యవహారం మరింత చెడింది. ఆ తరువాత చాలా కాలం పాటు సిస్టర్ ఉద్యోగంలో ప్రధానభాగం, ఆయన చేత ఆ "మంచిది" మాన్పించడమే అయింది. లారీ గుద్ది పోయినా మంచిదే, బావిలో పడి పోయినా మంచిదే. ఒక ముసలాయన తన తండ్రిని ఎద్దు పొడిచిందని చెప్పినప్పుడు డాక్టరుగారు ఆ మాటను నాలుక చివరి దాకా తెచ్చి, బల్ల అవతల సిస్టర్ కళ్ళు చూసి మింగేశారు. ఆ రోజు ఆమె ఇంట్లో ఈ విజయం గురించి గొప్పగా చెప్పుకుంది.

ఆస్పత్రి ఆవరణ దాటిన తరువాత ఆయన్ని కాచే నాథుడు లేడు. క్షౌరశాలలో, మంగలి కత్తి గొంతు మీద ఉన్న తరుణంలో, ఆయన అద్దంలోంచి మంగలి వంక చూసి తన ప్రశ్న వేశారు. కత్తి ఉన్నచోటనే ఆగిపోయింది. దుకాణంలో రేడియో తప్ప అందరూ మౌనం వహించారు. తన తండ్రి నడుంనొప్పితో మంచమెక్కి పోయాడని మంగలి చెప్పడమే తడవు, డాక్టరుగారు సగం గడ్డంతోనే కుర్చీలో లేచి కూర్చున్నారు. మిగిలిన సగం ఆ రోజు గీయబడలేదు. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని మంగలి తండ్రి చివరి సంవత్సరాన్ని ఆమూలాగ్రం చర్చించారు. మరునాటి ఓపీలో రోగులు తమ జబ్బులు మరచి ఆయన రెండు చెంపలను పోల్చి చూసుకున్నారు.

పెళ్ళిళ్ళకు ఆయన్ని తీసుకువెళ్ళడం ఆయన భార్య ఏనాడో మానుకుంది. చివరిసారి తీసుకువెళ్ళినప్పుడు, పెళ్ళికొడుకు తండ్రి దేనితో పోయారని ఆయన పక్క కుర్చీలోని వ్యక్తిని ఆరా తీశారు. ఆ పక్క కుర్చీలోని వ్యక్తే పెళ్ళికొడుకు తండ్రి. ఆవిడ సిస్టర్‌తో చెప్పుకుని వాపోయింది. "పరామర్శలకు తీసుకెళ్తే బావుంటుందమ్మా, అక్కడ ఆ ప్రశ్న అందరూ అడిగేదే. కానీ అక్కడికి మాత్రం ఈయన తెమిలి రారు. వచ్చేసరికి అందరూ అడిగేసి ఉంటారు."

అయితే ఆ ప్రశ్న వెనుక కారణం లేకపోలేదు. మూత్రాశయం కింద, నిమ్మకాయ కన్నా చిన్నదైన ప్రోస్టేట్ అనే గ్రంథి ఒకటి మగవాళ్ళకు ఉంటుంది. దానికి వచ్చే క్యాన్సర్ తొలిదశలో ఏ నొప్పీ, ఏ సూచనా లేకుండా ఒదిగి ఉంటుంది. తండ్రికో, తోడబుట్టినవాడికో అది వచ్చి ఉంటే తక్కినవారి కన్నా ఆ మనిషికి ముప్పు రమారమి రెట్టింపు. ఇద్దరికీ వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. కనుక ఎవరితో ముందుగా మాట్లాడాలో తెలియాలంటే వాళ్ళ నాన్న సంగతి తెలియాలి. అది ఎవరికీ తెలియదు. తండ్రి పొలంలో గట్టు ఎటు జరిగిందో చెప్పగలిగిన కొడుకు, ఆ తండ్రి ప్రాణం ఎటు పోయిందో చెప్పలేడని డాక్టరుగారి ఫిర్యాదు.

జవాబులను ఆయన తూచే పద్ధతి సిస్టర్‌కు కంఠతా వచ్చు. గుండెపోటు అంటే తల ఊపేవారు. నడుంనొప్పి అంటే కళ్ళజోడు తీసేవారు. ఆ గ్రంథిలోని జబ్బు ముదిరితే ఎముకల్లోకి పాకుతుంది గనుక, నడుంనొప్పి అనే మాట కింద ఏముందో తవ్వి చూడకుండా ఆయన వదిలేవారు కారు. "పెద్దవయసు" అన్న జవాబును మాత్రం ఎనభై లోపు ఎవరికీ మంజూరు చేసేవారు కారు.

కొత్త మేనేజరుగారితో చిక్కు వచ్చింది ఆ పెద్దవయసు దగ్గరే.

మేనేజరుగారు నలభై అయిదు దాటిన మనిషి, క్రమశిక్షణ గలవారు, ఇస్త్రీ మడత చెదరనివారు. చేరిన రోజునే లిఫ్టులో డాక్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆనవాయితీ ప్రకారం అడిగారు. పెద్దవయసుతో పోయారని మేనేజరుగారు ముభావంగా చెప్పారు. ఎంత పెద్దవయసని డాక్టరుగారు అడిగారు. అరవై ఒకటి అని జవాబు. "అది పెద్దవయసు కాదు," అని డాక్టరుగారు తీర్పు చెప్పేలోగా లిఫ్టు తలుపు తెరుచుకుంది. అక్కడితో పోనిచ్చినా బాగుండేది. కొన్నాళ్ళకు మెట్ల మీద మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ఆ తరువాత క్యాంటీనులో, అకౌంట్స్ సిబ్బంది అందరూ వింటూ ఉండగా, మూడోసారి వేశారు. ఒకే మనిషిని రెండుసార్లు అడగడం ఆయన అలవాటు కాదు. ఈయనకు మతిమరుపు మొదలైందని మేనేజరుగారు నిర్ధారణకు వచ్చారు. సిస్టర్‌కు కూడా లోలోపల అదే భయం పట్టుకుంది.

రోగుల నుంచి వచ్చిన ఫిర్యాదులు కూడా పోగై ఉన్నాయి. మేనేజరుగారు ఒక నోటీసు తయారు చేయించి ప్రతి అంతస్తులోను అంటించారు. రోగుల కుటుంబాలలో సంభవించిన మరణాలను గురించి డాక్టర్లు సమయాసమయాలు పాటించక ప్రశ్నించరాదని, ఉల్లంఘించినవారు తగు చర్యకు గురికాగలరని దాని సారాంశం. అంతటితో ఆగక సిస్టర్‌ను పిలిపించారు.

"ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఆ గది కొత్తగా చేరిన చిన్న డాక్టరుకు ఇచ్చేస్తాం సిస్టర్. పెద్దాయన ఇంట్లో విశ్రాంతి తీసుకుంటారు. నాకు ఆయన మీద కోపం లేదు. కానీ ఆస్పత్రి అన్నాక ఒక పద్ధతి ఉండాలి."

"ఆయన్ని ఇంట్లో కూర్చోబెడితే గోడల్ని అడుగుతారు సార్," అంది సిస్టర్.

"గోడలు నాకు ఫిర్యాదు చెయ్యవు కదా," అన్నారు మేనేజరుగారు.

ఆ గది పోతే ఆ మనిషి ఏమవుతారో సిస్టర్‌కు బాగా తెలుసు. సెలవు రోజుల్లో ఆయన ఇంటికి పోయి చూసిన మనిషి ఆమె. ఆయన ఆ రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డున పోయే మగవాళ్ళ వయసులు అంచనా వేస్తూ గడిపేవారు. కనుక ఎలాగైనా ఆయన నోరు కట్టించాలని నిశ్చయించుకుంది. ప్రశ్నను తుంచెయ్యనక్కర లేదనీ, కాస్త మెత్తబరిస్తే చాలుననీ నచ్చజెప్పింది. ముందు ఊరు అడగమంది, పని అడగమంది, ఆ తరువాత ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం దాకా మెల్లగా నడిచి వెళ్ళమంది. డాక్టరుగారు బుద్ధిగా తల ఊపారు.

మరునాడు మొదటి రోగిని ఆయన ఊరు అడిగారు, పని అడిగారు, వానలు అడిగారు. అలా అడుగుతూ దారి తప్పి, "ఇప్పుడు మీ నాన్నగారుంటే ఏమనేవారు?" అన్నారు. ఆ నడివయసు మనిషి చేతిరుమాలు తీసి ఏడవడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతి అక్కడితో రద్దయింది. తరువాత డాక్టరుగారు మౌనాన్ని ఆశ్రయించారు. రోగి వంక జాలిగా, దీర్ఘంగా, తల పక్కకు వంచి చూసేవారు. ఆ చూపుకు రోగులు హడలిపోయి, తమకు ఇంకా ఎంత గడువుందని సిస్టర్‌ను చాటుగా అడగసాగారు. మాట్లాడితే గది పోతుంది, మాట్లాడకపోతే రోగులు పోతారన్న పరిస్థితి ఏర్పడింది.

ఇంతలో శిక్షణ తరగతి వచ్చింది. ప్రోస్టేట్ పరీక్షలను గురించి ఆస్పత్రిలోని డాక్టర్లకు, నర్సులకు ఒక పూట తరగతి జరగాలని పైనుంచి నిర్ణయించారు. చెప్పవలసినవారు పెద్ద డాక్టరుగారే. పర్యవేక్షణకు మేనేజరుగారు మొదటి వరుసలోనే కూర్చుంటారట. సిస్టర్ ముందుగా వెళ్ళి రెండో వరుసలో, డాక్టరుగారి కళ్ళకు తిన్నగా ఆనే కుర్చీ చూసుకుని కూర్చుంది. తాను దగ్గితే మాట మార్చాలని ఆయనతో ఒప్పందం చేసుకుంది.

తరగతి ఆమె ఊహించిన దానికన్నా సజావుగా సాగింది. బల్ల మీద ప్లాస్టిక్ గ్రంథి నమూనా పెట్టి, ఆయన ఎప్పటిలా తేలిక మాటల్లో చెప్పుకుపోయారు. యాభై దాటిన ప్రతి మగవాడికీ పీఎస్ఏ రక్తపరీక్ష రాసిపారేస్తే సరిపోదా అని చిన్న డాక్టరు అడిగాడు. రాయడం అర నిమిషం పని అని పెద్దాయన ఒప్పుకున్నారు. కానీ మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ పరీక్షలో వచ్చే సంఖ్య పెరుగుతుంది. గ్రంథి వయసుతో వాచినా పెరుగుతుంది. దూరాలు సైకిలు తొక్కి వచ్చినా పెరగవచ్చు. పెరిగిందని సూదితో ముక్క తీస్తే, ఆ మనిషికి జన్మలో హాని చెయ్యని నిదానపు జబ్బు బయటపడవచ్చు. దానికి అనవసరంగా వైద్యం చేస్తే మూత్రం పట్టు తప్పవచ్చు, సంసారసుఖం పోవచ్చు. అలాగని చెయ్యకుండా వదిలేస్తే, వేగంగా పాకే జబ్బు ఒకటి చేజారిపోవచ్చు.

"కాబట్టి కలం తీయకముందు కుర్చీ చూపించండి. రెండు వైపులా చెప్పండి. నిర్ణయం ఆయనది. మీరు చెయ్యాల్సింది ఆయనకు కావలసినవన్నీ ఆయన ముందు పెట్టడం," అన్నారు.

రాకుండా ఉండటానికి ఏమైనా మాత్ర ఉందా అని ఒక నర్సు అడిగింది. ఇదిగో ఇది మింగితే రాదని పేరుపెట్టి చెప్పగలిగిన మాత్ర లేదన్నారు. విటమిన్ ఇ సీసాలు అందుకు పనికిరావనీ, అతిగా మింగితే ముప్పు పెరిగినట్టు కూడా ఒక పరిశీలనలో తేలిందనీ చెప్పారు. మందుల షాపు చూసే ఆయన చివరి వరుసలో కాస్త కిందికి జారి కూర్చున్నారు. సిగరెట్టు మానడం, బరువు అదుపులో పెట్టుకోవడం, రోజూ నడవడం మంచిది. వాటివల్ల గ్రంథికి ఎంత లాభమో గట్టిగా చెప్పలేకపోయినా గుండె మాత్రం మనకు రుణపడి ఉంటుందని ముగించారు.

ఎప్పటి నుంచో ఆస్పత్రి అంతా గుసగుసలాడుకుంటున్న సంగతిని అప్పుడు పిల్లల డాక్టరమ్మ ధైర్యం చేసి బయటికి అడిగేసింది.

"మరి మీ నాన్నగారు దేనితో పోయారు సార్?"

ఇన్నేళ్ళుగా అందరినీ అడిగిన మనిషి గుండెలో ఏదో పాత గాయం ఉండే ఉంటుందని అందరికీ నమ్మకం. సిస్టర్ కూడా కొంగు చేతిలోకి తీసుకుని సిద్ధంగా కూర్చుంది.

"పోలేదు," అన్నారు డాక్టరుగారు. "తొంభై మూడు. ఇంట్లోనే ఉన్నారు. ఊళ్ళో అందరికీ పరీక్ష చేయిస్తావు, కన్నతండ్రికి చేయించవా అని రోజూ పొద్దున్నే నా మీద యుద్ధం. ఆ వయసులో ఆ పరీక్షతో మేలు కంటే హింసే ఎక్కువ, వద్దు నాన్నా అంటాను. ఖర్చుకు వెనకాడుతున్నానని మా అక్కయ్యలకు ఫోన్లు చేస్తున్నారు."

గది గొల్లుమంది. మేనేజరుగారి పెదవి కూడా ఒక మూల కదిలింది. ఇక గట్టెక్కినట్టేనని సిస్టర్ కొంగు సర్దుకుంది. ఆ నవ్వు ఇంకా చల్లారక ముందే డాక్టరుగారు బల్ల చుట్టూ తిరిగి వచ్చి మొదటి వరుస ఎదుట నిలబడ్డారు. సిస్టర్ దగ్గింది. ఆయన ఆమె వంక చూశారు, విన్నానన్నట్టు తల ఊపారు కూడా. మరల మేనేజరుగారి వైపు తిరిగారు.

"మీ నాన్నగారు దేనితో పోయారు?"

సిస్టర్ దగ్గుతూనే ఉంది. పక్కనున్న ఆమె మంచినీళ్ళ సీసా అందించింది.

మేనేజరుగారు నిదానంగా లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. తన తండ్రి పెద్దవయసుతో పోయారని నాలుగోసారి చెబుతున్నాననీ, అయిదోసారి చెప్పవలసిన అవసరం రాకుండా సోమవారం నుంచి ఆ గది ఖాళీ చేయాలనీ అందరి ముందు చెప్పి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గదిలో సిస్టర్ అరలు సర్దుతూ, సర్దుతున్న ప్రతి వస్తువు మీదా కోపం చూపించింది. చేతులారా చేసుకున్నారనీ, తాను దగ్గి దగ్గి గొంతు పోగొట్టుకున్నాననీ దులిపేసింది. మతిమరుపు అయితే వైద్యం ఉంటుంది గాని మొండితనానికి మందు ఎక్కడ తేవాలని కూడా అడిగింది. డాక్టరుగారు అన్నీ విని, ఆమెకు గొంతు మాత్ర ఒకటి ఇచ్చారు.

"నమూనా పెట్టెలో పెట్టకు అమ్మాయ్. రేపు శనివారమే కదా, గది ఇంకా మనదే. ఎవరైనా రావచ్చు."

వచ్చారు. మరునాడు ఓపీ తెరవకముందే తలుపు దగ్గర మేనేజరుగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ మడత లేదు. రాత్రి నిద్ర కూడా లేనట్టుంది. ఆయన వెనుక, గ్రీజు మరకలు పోని చేతులు కట్టుకుని, అరవైకి దగ్గరపడిన మనిషి ఒకరు నిలబడి ఉన్నారు. ఆయన మేనేజరుగారి అన్నగారట. మెయిన్ రోడ్డు అవతల లేత్ షాపు నడుపుతున్నారట. సిస్టర్ కుర్చీలు వేసింది. అన్నగారు కూర్చోకుండానే డాక్టరుగారి వైపు చూసి మొదలుపెట్టారు.

"రాత్రి వీడు అన్నం తింటూ, ఒక పిచ్చి డాక్టరును గది ఖాళీ చేయించానని గొప్పగా చెప్పాడండీ. ఏం పిచ్చిరా అంటే, అందర్నీ నాన్న ఎలా పోయాడని అడుగుతాడన్నాడు. నాకు ముద్ద దిగలేదు."

తరువాత ఆయన చెప్పినది సిస్టర్ గోడకు ఆనుకుని విన్నది. తండ్రి పోయేనాటికి తమ్ముడు దూరాన హాస్టల్లో చదువుకుంటున్న పిల్లవాడు. తండ్రి చివరి రోజుల్లో నడుం పట్టుకుని మూలిగేవాడు. జబ్బు ఆ గ్రంథిలో పుట్టి ఎముకల్లోకి పాకిందని అప్పటి వైద్యులు ఈ అన్నగారికి ఒక్కరికే చెప్పారు. ఆ చోటు పేరు తల్లి ముందు, చెల్లెళ్ళ ముందు ఎత్తడానికి ఆయనకు నోరు రాలేదు. పెద్దవయసు అన్నారు. ఆ మాటే ఇంట్లో స్థిరపడిపోయింది. రెండేళ్ళ కిందట ఈ డాక్టరుగారు గేటు గడియ చేయించుకోవడానికి లేత్ షాపుకు వచ్చి, గడియ కొలతలు చెప్పడానికి ముందు మీ నాన్నగారు దేనితో పోయారని అడిగారు. ముక్కూముఖం తెలియని మనిషి అంత మామూలుగా అడిగేసరికి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది అన్నగారు ఆయనకు చెప్పేశారు. పరీక్ష పక్క ఊళ్ళో జరిగింది. జబ్బు ఉంది, కానీ ఇంకా గ్రంథి దాటలేదు. అక్కడే రేడియేషన్ వైద్యం తీసుకుని, మిషను సామాన్లు కొనడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదన్నయ్యా?" అన్నారు మేనేజరుగారు. రాత్రి నుంచి అదే ప్రశ్న అడుగుతున్నట్టుంది ఆ గొంతు.

"నిన్ను ఎత్తుకు తిరిగినవాణ్ణి రా. నీ ముందు పేషెంటులా ఎలా కూర్చోమంటావు?" అన్నగారు సిస్టర్ వైపు తిరిగారు. "వీడు ఇక్కడ చేరుతున్నాడని చెబుతూనే, మా తమ్ముడికి చెప్పారంటే మళ్ళీ మీ ముఖం చూడను, మందులూ మానేస్తానని ఈయన్ని బెదిరించానండీ. చెప్పి తీరాలి, వాడికి నీ కన్నా ముప్పు ఎక్కువని షాపుకు వచ్చినప్పుడల్లా నాతో పోట్లాడేవారు. నేను వినలేదు."

సిస్టర్ డాక్టరుగారి వంక చూసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"చెప్పనని మాటిచ్చాను," అన్నారాయన. "అడగనని ఇవ్వలేదు."

లిఫ్టు, మెట్లు, క్యాంటీను, నిన్నటి మొదటి వరుస అన్నీ ఒక్కసారిగా సిస్టర్ కళ్ళ ముందు బారు తీరాయి. మర్యాద తెలియదని లోకమంతా చెప్పుకునే ఈ మనిషి, ఒక మనిషి రహస్యాన్ని మరొక మనిషి ప్రాణాన్ని చెరొక చేత్తో పట్టుకుని, ఏదీ జారనివ్వకుండా ఇన్నాళ్ళూ నడిచారన్నమాట. తనకు కూడా చెప్పలేదేమని ఆమె నిష్ఠూరమాడింది. నీకు చెప్పినా మాట తప్పినట్టే కదా అమ్మాయ్ అని ఆయన నొచ్చుకున్నారు.

నన్ను పక్కకు పిలిచి పరీక్ష చేయించుకోమంటే సరిపోయేది కదా అని మేనేజరుగారు అడిగారు.

"మెట్ల మీద అన్నానండీ. నా వయసుకు ఇంకా టైముందని మీరన్నారు. ఇంట్లో ఎవరికీ లేదనుకునేవాడు ఆ మాట అంటే తప్పు లేదు. తండ్రికీ అన్నకూ వచ్చిందని తెలిసినవాడు అంటే తప్పు. అది మీకు మీ ఇంట్లోంచే తెలియాలి. అందుకని అడుగుతూ పోయాను. గది పోయిందని విని మీ అన్నగారు ఊరుకోరని కాస్త ఆశ కూడా ఉంది."

"గది పోతుందని తెలిసే అడిగారా సార్?" అంది సిస్టర్.

ఆయన ఆ ప్రశ్న వినిపించనట్టు గ్రంథి నమూనాను చేతిలోకి తీసుకున్నారు. పరీక్ష ఇప్పుడే రాయమని మేనేజరుగారు చెయ్యి చాపితే, ముందు వినమని కుర్చీ చూపించారు. తమ్ముడు విన్నారు. అన్నగారు పక్కన కూర్చుని, తనకు ముందే తెలిసిన సంగతులు వచ్చినప్పుడల్లా తమ్ముడి మోకాలు తట్టి శ్రద్ధగా వినమని హెచ్చరించారు. వినడం పూర్తయ్యాక చేయించుకుంటానని తమ్ముడు తన నోటితో తానే అన్నారు. కొద్దిరోజులకు ఫలితం వచ్చింది. సంఖ్య హద్దులోనే ఉంది. ఏడాదికోసారి వచ్చి కనిపించమన్నారు.

ఫలితం చేతపట్టుకుని అన్నదమ్ములిద్దరూ వచ్చిన రోజున, గది సంగతి మేనేజరుగారు అసలు ఎత్తలేదు. ఎత్తడానికి సిగ్గుపడి, చిన్న డాక్టరుకు కింది అంతస్తులో వేరే గది ఏర్పాటు చేయించేశారు. నోటీసు సంగతి మాత్రం ఎత్తారు.

"అవన్నీ ఇవాళే తీయించేస్తాను డాక్టరుగారూ."

డాక్టరుగారు కంగారుపడి కుర్చీలోంచి సగం లేచారు. "ఆ పని మాత్రం చెయ్యకండి. అవి అంటించిన దగ్గర్నుంచి నా పని సగం తగ్గింది. ఏ ప్రశ్న అడగొద్దన్నారో తెలుసుకుని, ఇంట్లో కనుక్కుని మరీ వస్తున్నారు జనం."

మేనేజరుగారు నమ్మలేదు. అంతలో తెర తొలగించి ఒక పెద్దమనిషి లోపలికి తొంగిచూశాడు. గదిలో ఇంతమంది ఉన్నారని చూసి కూడా వెనక్కి తగ్గలేదు. ఆత్రంగా, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"మాకు నాన్న గుండెపోటండీ. పెద్దన్నయ్య మాత్రం నడుంనొప్పితో పోయాడు."

డాక్టరుగారు రెండు చేతులూ పైకెత్తి మేనేజరుగారికి చూపించారు. "నేను నోరు విప్పలేదు. సిస్టర్ సాక్షి."

సిస్టర్ సాక్ష్యం ఇవ్వబోయింది గాని ఆ అవసరం కలగలేదు. మేనేజరుగారు అప్పటికే లేచి, ఆ వచ్చిన పెద్దమనిషిని భుజం పట్టి తన కుర్చీలో కూర్చోబెట్టి, తల కాస్త పక్కకు వంచి నిలబడ్డారు.

"మీ అన్నయ్యగారికి అప్పటికి వయసెంత ఉంటుందండీ?"

నోటీసులోని నిషేధం డాక్టర్లకే గాని మేనేజర్లకు వర్తించదన్న సంగతి సిస్టర్‌కు అప్పుడు స్ఫురించింది.